హెకెల్ గారి త్రిపాత్రాభినయం

"మావయ్యా, కడుపులో ఉన్నప్పుడు నాకు మొప్పలుండేవట. అమ్మకి తెలుసా?" అంది మా మేనకోడలు. ఇంటర్ బైపీసీ. చేతిలో గైడు. ఆ వాక్యం పక్కన రెండు నక్షత్రాలు, 'వెరీ ఇంపార్టెంట్' అన్న ముద్ర. కింద ఆ బొమ్మ.

ఏ బొమ్మో మీకు చెప్పనక్కర్లేదు. చేప, సాలమాండర్, తాబేలు, కోడి, పంది, ఆవు, కుందేలు, చివర మనిషి, అందరూ పిండాలుగా ఉన్నప్పటి బొమ్మ. ఒక్కొక్కరికీ మూడు దశలు. పై వరసలో ఎనిమిది మందీ ఒకే బస్తాలోంచి తీసిన జీడిపప్పుల్లా ఉంటారు. 1874లో జర్మనీలో ఎర్నెస్ట్ హెకెల్ అనే జీవశాస్త్రవేత్త అచ్చేయించిన బొమ్మ. పిండం పెరుగుతూ, చేప దగ్గర్నుంచీ తన పూర్వీకుల చరిత్రంతా గబగబా మళ్ళీ నడిచి వస్తుందని ఆయనగారి సిద్ధాంతం.

గైడు అక్కడితో ఆగలేదు. "ఈ వాదనను వాన్ బేర్ ఖండించాడు" అని ఇంకో లైను. పిండాల మీద పరిశోధించిన ఆ బేర్ పుస్తకం వచ్చింది 1828లో. హెకెల్ పుట్టింది 1834లో. పుట్టబోయేవాడి తప్పును ఆరేళ్ళ ముందే ఖండించడం మన పంచాంగకర్తల వల్ల కూడా కాదు. (బేర్ ఖండించింది అప్పటికే చలామణిలో ఉన్న అలాంటి పాత వాదనని. ఆ ముక్క రాస్తే గైడు లావైపోతుంది మరి.)

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం 1868 నాటిది. ఆ ఏడు వేసిన పుస్తకంలో హెకెల్ కుక్క, కోడి, తాబేలు పిండాలను పక్కపక్కన పెట్టి, ఎంత ఒకేలా ఉన్నాయో చూడమన్నాడు. ఉండక ఏం చేస్తాయి? మూడూ ఒకే చెక్క అచ్చుతో కొట్టినవి. అచ్చాఫీసులో ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవడం నాకు రోజూ కాలక్షేపం.

"కుక్క అయిపోయిందండీ. కోడి అచ్చు ఇప్పించండి."

"నీ చేతిలో ఉందిగా."

"ఇది కుక్కండీ."

"ఇప్పటిదాకా కుక్క. ఇకనుంచి కోడి."

"మరి తాబేలు?"

"సిరా ఆరిపోకముందే కొట్టెయ్."

"డిప్ప ఉండొద్దాండీ?"

"తర్వాత వస్తుందిలే."

"సరే గానీ, కూలి ఒక బొమ్మకిస్తారా, మూడు బొమ్మలకా?"

ఈ చివరి ప్రశ్నకు విజ్ఞానశాస్త్రం నేటికీ జవాబు చెప్పలేదు. త్రిపాత్రాభినయం మనకేం కొత్త కాదు, కానీ మన హీరోలు పాత్రకో మీసమైనా మారుస్తారు.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో రూటిమేయర్ అనే ప్రొఫెసరు అదే ఏడు దీన్ని పట్టుకున్నాడు. తర్వాతి ముద్రణలో మూడు బొమ్మల చోట ఒక్కటే మిగిలింది. ఇక 1874 నాటి జీడిపప్పుల సంగతి 1997లో మైకేల్ రిచర్డ్‌సన్ అనే పిండశాస్త్రవేత్త బృందం తేల్చింది. అసలు పిండాల ఫొటోలు తీసి పక్కన పెడితే సైజుల దగ్గర్నుంచీ తేడాలే. పోనీ హెకెల్‌కి బొమ్మలు రావా అంటే, సముద్రంలోని సూక్ష్మజీవులను ముల్లు ముల్లుతో సహా గీసిన చెయ్యి అది.

వాట్సాప్ బాబాయిలు వెంటనే "చూశావా, పరిణామమంతా బోగస్" అని ఫార్వర్డ్ చేస్తారు. వాళ్ళ గోల వేరు. ఆ మోసాన్ని పట్టుకున్నదీ పిండాలు చూసే శాస్త్రవేత్తలే. పైగా పోలిక మొత్తం కట్టుకథా కాదు. వెన్నెముక ఉన్న జంతువుల పిండాలు మొదట్లో వేర్వేరుగా ఉండి, నడుమ కాస్త దగ్గరపడి, మళ్ళీ విడిపోతాయి. డమరుకం ఆకారమన్నమాట. ఆ నడుమ దశలో మన మెడ దగ్గరా మడతలు వస్తాయి. చేపలో అవి మొప్పలవుతాయి. మనలో మొదటి మడత నుంచి దవడ వస్తుంది, చెవిలోని కూటకం, దాగలి అనే బుల్లి ఎముకలు వస్తాయి. మొప్పలు మాత్రం ఏ రోజూ రావు.

ఇదంతా విని పిల్ల కాలేజీలో అడిగింది. "గైడులో ఉన్నదే రాయి, మార్కు పోతుంది" అన్నారట.

ఏం చదువయ్యా ఇది? నూటయాభై ఏళ్ళ కిందట పట్టుబడ్డ మనిషి మాటను పదహారేళ్ళ పిల్లచేత బట్టీ పట్టిస్తారా? పైసా పైసా కూడబెట్టి ఫీజు కట్టేది ఇందుకా? ఎనిమిది బొమ్మల్లో ఎనిమిది వింతలున్నాయి. ఒక్క వింతనైనా ఆ పిల్లను తేరిపార చూడనిచ్చారా? "నోర్మూసుకుని రాయి" అన్న ఆ మాట ఆమె మెదడుకు చేరింది ఆ రెండు బుల్లి ఎముకల మీదుగానే, సిగ్గులేని మనుషుల్లారా!

సరే. బీపీ మాత్ర వేసుకున్నాను.

ఆదివారం టెస్టులో పిల్ల 'మొప్పలు కావు' అని రాసింది. మార్కు పోయింది. గైడు కొత్త ఎడిషన్ కూడా వచ్చేసింది. ధర ముప్పై రూపాయలు పెంచి, ఈసారి బొమ్మను రంగుల్లో వేశారు. ఎనిమిది జీడిపప్పులకీ ఒకటే గులాబీ రంగు.