మిడ్‌వైఫ్ చేతుల మీదుగా పురుడు: సిద్ధపడాల్సింది గర్భిణి ఒక్కతే కాదు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో ఆ వాటా 81.5 శాతం. అన్ని ఆసుపత్రులూ కలిపి దేశ సగటు 21.5 శాతమే. ఈ పరిస్థితి చూసి హైదరాబాద్‌లో మిడ్‌వైఫ్‌లు ప్రసవాలు నడిపించే ఆసుపత్రిని ఎంచుకునే దంపతులు శ్వాస వ్యాయామాలు నేర్చుకుంటారు, సంచీ సర్దుకుంటారు. ఇంట్లో పెద్దలతో చేయాల్సిన సంభాషణను మాత్రం నొప్పులు మొదలయ్యే దాకా వాయిదా వేస్తారు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లోటు ఇదే.

మిడ్‌వైఫ్ అనగానే ఊళ్లో పురుడు పోసిన మంత్రసానిని తలచుకుని పెద్దలు భయపడటం సహజం. కానీ తెలంగాణ ప్రభుత్వం, ప్రసూతి ఆసుపత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌ల తోడ్పాటుతో 2017లో ప్రారంభించిన కార్యక్రమంలో మిడ్‌వైఫ్‌గా మారేది అప్పటికే నర్సుగా అర్హత పొందిన మహిళ, ఆపై 18 నెలల శిక్షణ తీసుకుంటుంది. ఆమె చూసేది ప్రమాద సూచనలు లేని కాన్పులనే. బీపీ పెరిగినా, మాయ కిందికి ఉన్నా, కవలలైనా బాధ్యత డాక్టరుదే. కాబట్టి ఆపరేషన్ థియేటర్ అదే భవనంలో ఉందా, అర్ధరాత్రి డాక్టరు ఎంతసేపట్లో వస్తారు అన్నవి ముందే అడిగి, ఆ జవాబులు అత్తకూ అమ్మకూ కూడా చెప్పాలి.

మన ఆచారమొకటి ఇక్కడ చిక్కు తెస్తుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్న పట్టింపుతో ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయి ఊరు మారుతుంది. నెలల తరబడి ఒకే బృందం చూడటం వల్ల కుదిరే పరిచయం, నమ్మకం మిడ్‌వైఫ్ సేవకు ప్రాణం. నల్గొండ నుంచో వరంగల్ నుంచో చివరి నెలలో నగరంలోని పుట్టింటికి చేరిన గర్భిణికి అది అందదు. పుట్టింటికి వెళ్లడం తప్పు కాదు, ఆ తల్లి తోడు విలువైనదే. అయితే కాన్పు ఎక్కడో అయిదో నెలలోనే తేల్చుకుని, కనీసం కొన్ని పరీక్షలైనా అక్కడే చేయించుకోవాలి. పాత రిపోర్టులన్నీ వెంట తేవాలి.

ఇక నిరీక్షణ. 2018 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే చురుకైన నొప్పుల దశ మొదలైనట్టు. ఆ తర్వాతా గంటకో సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న నియమం లేదు. అంతకుముందే ఆసుపత్రికి వెళ్తే, తల్లీబిడ్డల పరిస్థితి బాగుంటే, ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోమనవచ్చు. దాన్ని నిర్లక్ష్యంగా భావించిన బంధువులు వరండాలో ఆందోళన పడి, “ఇంకెంతసేపు, ఆపరేషన్ చేసేయండి” అని ఒత్తిడి తెస్తారు; ముహూర్తం చూసి పెట్టుకున్న ఇంట్లో అది మరీ ఎక్కువ. నొప్పులు పడుతున్న మనిషి వారందరికీ నచ్చజెప్పే స్థితిలో ఉండదు. ఆ పని భర్త ముందే చేసి ఉండాలి. ఉమ్మనీరు పోయినా, రక్తస్రావమైనా, బిడ్డ కదలికలు తగ్గినా క్షణం ఆగకుండా బయలుదేరాలన్నదీ అప్పుడే అందరికీ చెప్పాలి.

గదిలో ఎవరు తోడుండాలన్న నిర్ణయం మాత్రం గర్భిణిదే. నిరంతరం ఒకరు పక్కనుంటే సిజేరియన్ అవకాశం తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి కనుక ఆ ఒక్కరూ ధైర్యం చెప్పగలవారై ఉండాలి, బంధుత్వం వరసను బట్టి కాదు. అవసరమై ఆపరేషన్ చేయాల్సి వస్తే అది ఆమె ఓటమి కాదని ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి. ఆ తర్వాత కూడా తొలి గంటలో బిడ్డను రొమ్ముకు పట్టించేందుకు మిడ్‌వైఫ్ సాయం అందుతుందో లేదో ముందే అడిగి పెట్టుకోవాలి.