నల్లకోటు, చిన్నరసాలు, ఒక సంబంధం

రోహిణి కార్తెలో బెజవాడ వీధుల్లో కోటుతో కనబడేది ఇద్దరే, ఒకరు వకీలు, ఇంకొకరు పెళ్ళికొడుకు. వకీలు కోర్టు మెట్లు దిగగానే విప్పి భుజాన వేసుకుంటాడు, పెళ్ళికొడుక్కి ఏసీ హాలు ఉంటుంది. మా పెదనాన్న కుదుర్చుకున్న డిటెక్టివ్ గారికి ఈ రెండు సదుపాయాలూ లేవు. అయినా నల్లకోటు, నల్లకళ్ళజోడు, మెడలో మఫ్లరు (మే నెలాఖరులో మఫ్లరండీ!) వేసుకుని మా ఇంటికి వచ్చి, బూట్లు విప్పకుండా నేరుగా ఫ్యాను కిందున్న కుర్చీలో కూర్చుని, "నేను ఇక్కడికి రాలేదు. మీరు నన్ను చూడలేదు" అన్నారు. మా పెద్దమ్మ అప్పటికే మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. రాని మనిషికి మజ్జిగ ఇవ్వాలో వద్దో తెలియక ఆవిడ పెదనాన్న వైపు చూస్తుంటే, డిటెక్టివ్ గారే చెయ్యి చాపి తీసుకున్నారు. రెండో గ్లాసు అడిగి మరీ తీసుకున్నారు.

సంగతేమిటంటే మా పెదనాన్న కూతురికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయిది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వాళ్ళ ఇల్లు ఇక్కడే సత్యనారాయణపురంలో. జాతకాలు కలిశాయి, జీతం నచ్చింది, ఫోటోలో జుట్టు కూడా నిజమైనదే అనిపించింది. అన్నీ బాగుంటే మా పెదనాన్నకు నిద్ర పట్టదు. ఎక్కడో ఏదో ఉండే ఉంటుందని ఆయన నమ్మకం. పూర్వం అయితే ఆ ఊళ్ళోనే ఒక మేనత్తో, వేలువిడిచిన మేనమామో ఉండేవాళ్ళు, ఒక కార్డు ముక్క రాస్తే మూడు తరాల చరిత్ర తిరుగు టపాలో వచ్చేది. ఇప్పుడు మేనత్తలంతా అమెరికాలో మనవల్ని ఆడిస్తున్నారు కాబట్టి డిటెక్టివ్‌లను పెట్టుకోవాల్సి వస్తోంది. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు కూడు పెట్టేది హత్యలూ వజ్రాల దొంగతనాలూ కాదు, ఇదిగో ఈ పెళ్ళి వాకబులే.

ఇంకో తమాషా ఉంది. సెక్యూరిటీ గార్డులను పంపే ఏజెన్సీలకు మన దేశంలో 2005లో చట్టం వచ్చింది, వాళ్ళకి లైసెన్సు తప్పనిసరి. డిటెక్టివ్ ఏజెన్సీలకూ అలాంటిదొకటి తేవాలని 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. అంటే మన అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కునుకు తీసే మనిషిని పంపడానికి లైసెన్సు ఉండాలి, అదే అపార్ట్‌మెంట్ మీద నిఘా వేసే మనిషికి విజిటింగ్ కార్డు అచ్చు వేయించుకుంటే సరిపోతుంది. ఆ కార్డుతో ఎవర్నీ అరెస్టు చేసే అధికారం రాదు, ఎవరి కాల్ రికార్డులూ తీయకూడదు, తీస్తే ఆయన మీదే కేసు అవుతుంది. దారిన పోయే మీకూ నాకూ ఎన్ని అధికారాలున్నాయో డిటెక్టివ్‌కీ అన్నే, కోటు మాత్రం అదనం.

ఈ ముక్క ఎవరైనా మా డిటెక్టివ్ గారికి చెప్పి ఉంటే బాగుండేది. "కేసు చిన్నదా పెద్దదా అని నేను చూడను. నన్ను చూశాక కేసే పెద్దదవుతుంది" అన్నారు, మీసం మీద మజ్జిగ తుడుచుకుంటూ. పెదనాన్న మురిసిపోయి అడ్వాన్సు చేతిలో పెట్టాడు. ఆ తర్వాత తెలిసింది, డిటెక్టివ్ గారి బండి మెకానిక్ షెడ్డులో ఉందట. పెదనాన్న చటుక్కున నా వైపు తిరిగి, "ఏరా, నువ్వు ఖాళీయేగా" అన్నాడు. నేను ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగంలో ఉన్నాను, ఆ రోజు సెలవు పెట్టుకున్నాను. కానీ లాప్‌టాప్ ముందు కూర్చుని చేసేది ఉద్యోగం కిందకు రాదని, లుంగీలో చేస్తే అసలే రాదని మా పెదనాన్న సిద్ధాంతం. ఆ విధంగా ఆయన పాత స్కూటీతో సహా నేను గూఢచారి దళంలో చేరిపోయాను.

సత్యనారాయణపురంలో అబ్బాయి వాళ్ళ వీధి మొదట్లో కరెంటు స్తంభం పక్కన మకాం వేశాం. డిటెక్టివ్ గారు న్యూస్ పేపరుకి రెండు చిల్లులు పెట్టి దాని వెనక నిలబడ్డారు. నన్ను అసలు పేరుతో పిలవొద్దు కాబట్టి "ఈగల్" అని పిలుస్తానన్నారు. "మరి మిమ్మల్నేమని పిలవాలండీ?" అంటే, "పిలవకు. నేనే వస్తాను" అన్నారు. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో నిలబడి చెప్పిన మాట అది.

కాసేపటికి ఎదురింటి అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్న మామ్మగారు కేకేసింది. "ఏం నాయనా, చివరింటి అబ్బాయి గురించేనా? పోయిన నెల గుడివాడ వాళ్ళు వచ్చి ఆ స్తంభం దగ్గరే నిలబడ్డారు. ఎండలో ఎందుకూ, లోపలికొచ్చి కూర్చోండి."

డిటెక్టివ్ గారు పేపరు దించకుండానే, "మేము కరెంటాఫీసు నుంచి వచ్చాం" అన్నారు.

"కరెంటాఫీసు వాళ్ళు కోట్లేసుకుంటే బిల్లులు పెరగక ఏం చేస్తాయి" అని, మామ్మగారు చిక్కుడుకాయ మీద నుంచి చూపు తిప్పకుండా మొదలుపెట్టింది. పిల్లాడు మంచివాడే, సిగరెట్టు తాగడు, రెండేళ్ళ కింద తాగేవాడు, వాళ్ళమ్మ చూసి ఏడిస్తే మానేశాడు. హైదరాబాదులో మియాపూర్ దగ్గర ముగ్గురు కలిసి ఉంటారు, వంట ఇతనే చేస్తాడు. వంకాయ ముట్టడు. ఇంటి మీద లోను ఇంకా ఉంది. తండ్రికి నోరు ఎక్కువ, మనసు వెన్న. ఇంజనీరింగులో ఒకమ్మాయిని ఇష్టపడ్డాడు గానీ ఆ పిల్లకు పెళ్ళయిపోయింది, వీడే వెళ్ళి వడ్డన చేసి వచ్చాడు. నేను ఫోన్లో గబగబా రాసుకుంటున్నాను. డిటెక్టివ్ గారు మాత్రం నా మోచేతి మీద పొడిచి, "ఈగల్, ఏకాగ్రత! ఆవిడ మన దృష్టి మళ్ళించడానికి పెట్టిన మనిషి" అన్నారు.

అంతలో చివరింటి గేటు తెరుచుకుంది. అబ్బాయి హెల్మెట్ పెట్టుకుని, పెద్ద గుడ్డసంచీ ఒకటి బండికి తగిలించుకుని బయల్దేరాడు. సంచీలో ఏదో మెత్తగా, బరువుగా ఉంది. "డబ్బు," అన్నారు డిటెక్టివ్ గారు గొంతు తగ్గించి. "లేదా అంతకంటే ఘోరమైనది." నా వెనక ఎక్కి కూర్చున్నారు. కూర్చున్నారనడం సరికాదు. ఒక కాలు ఫుట్‌రెస్ట్ మీద, ఒక కాలు గాల్లో, ఒక చెయ్యి నా తల మీద పెట్టి నిలబడ్డారు. స్పీడ్‌బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ నా మెడ రెండంగుళాలు లోపలికి పోయేది.

బీఆర్‌టీఎస్ రోడ్డు దాటాం, గాంధీనగర్ సినిమాహాళ్ళ మీదుగా ఏలూరు రోడ్డెక్కాం. సినిమాల్లో వెంటాడటాలు చూసినవాళ్ళు ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఏలూరు రోడ్డు మీద సాయంత్రం పూట ఎవరూ ఎవర్నీ వెంటాడలేరు, అందరూ కలిసి జరుగుతారు అంతే. ఆటోలు, సిటీ బస్సులు, తోపుడు బళ్ళు, మధ్యలో తీరిగ్గా ఒక ఎద్దు. డిటెక్టివ్ గారు పక్క ఆటో టాపు మీద చెయ్యి వేసి, "దారివ్వండి! ఆపరేషన్ జరుగుతోంది!" అని అరిస్తే, ఆటోలోని పెద్దాయన, "ఏ ఆసుపత్రిలో బాబూ?" అని అడిగాడు పాపం.

సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడింది. వెళ్ళి సరిగ్గా అబ్బాయి పక్కనే ఆగాం. నేను మొహం అటు తిప్పుకున్నాను. డిటెక్టివ్ గారు చిల్లుల పేపరు మళ్ళీ తీశారు, స్కూటీ మీద నిలబడే. అబ్బాయి హెల్మెట్ అద్దం పైకెత్తి, "అన్నా, మీ కోటు చక్రంలోకి పోతోంది, చూసుకోండి" అన్నాడు. అని ఊరుకోకుండా వంగి ఆ అంచు తీసి సీటు కింద దోపి కూడా పెట్టాడు. నా వరకు సంబంధం అక్కడే ఖాయమైపోయింది. డిటెక్టివ్ గారు మాత్రం పళ్ళు బిగించి, "మనల్ని పసిగట్టేశాడు. వీడు మామూలోడు కాదు" అన్నారు.

అప్పుడే అద్దంలో గమనించాను, పసుపుపచ్చ టీషర్టు వేసుకున్న బక్కపల్చటి కుర్రాడొకడు మోపెడ్ మీద మా వెనకే వస్తున్నాడు, గాంధీనగర్ నుంచీ. చెబుదామని నోరు తెరిస్తే పచ్చలైటు పడింది.

అబ్బాయి బీసెంట్ రోడ్డు మొదట్లో బండి ఆపి, సంచీ పట్టుకుని లోపలికి నడిచాడు. బీసెంట్ రోడ్డు సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, అనీబిసెంట్ పేరు పెట్టుకున్న ఆ వీధిలో రెండు వైపులా షాపులు, షాపుల ముందు బళ్ళు, బళ్ళ ముందు నేల మీద పరిచిన దుప్పట్లు, వాటి మధ్య మిగిలిన సందులో మొత్తం ఉమ్మడి కృష్ణా జిల్లా నడుస్తూ ఉంటుంది. నేను బండి స్టాండ్ వేసేలోపే డిటెక్టివ్ గారు దూకేశారు. రెండు హెయిర్‌క్లిప్పుల దుప్పట్లు లంఘించారు. చెప్పుల షాపు బోర్డు కింద నుంచి దొర్లుకుంటూ వెళ్ళారు (నడిచి వెళ్ళేంత ఎత్తులోనే ఉంది బోర్డు). ఆ ఊపులోనే అడ్డంగా ఉన్న మామిడిపళ్ళ తోపుడు బండి మీదుగా ఎగిరారు.

ఆయన ఎగిరారు. కోటు ఎగరలేదు. దాని అంచు తక్కెడ కొక్కేనికి తగులుకుంది. తక్కెడ, కోటు, ఆయన, ఆ పైన బండి, ఆ పైన నూజివీడు చిన్నరసాలు, అన్నీ వరసగా రోడ్డు మీదకు వచ్చాయి. చిన్నరసం ఎంత నాజూకైన పండో తెలుసుగా, పిల్లలు కూడా చేత్తో పిసికి చిన్న కన్నం పెట్టి తాగేస్తారు. మరి డెబ్భై అయిదు కిలోల డిటెక్టివ్ పిసికితే ఎలా ఉంటుంది!

జనం మూగారు. "షూటింగా? కెమెరా ఎక్కడ?" అని ఒకరు. "హీరో ఎవరు, ఈయన మాత్రం కాదులే" అని ఇంకొకరు. డిటెక్టివ్ గారు రసంలోనుంచి తల ఎత్తి, కోటు జేబులోంచి కార్డు తీసి చూపించి, "దూరం జరగండి! నేను ప్రైవేట్ డిటెక్టివ్!" అన్నారు. బండి యజమాని ఆ కార్డు తీసుకుని, దానికి అంటిన టెంక దులిపి, "డిటెక్టివ్‌వైతే లెక్క నువ్వే కనిపెట్టు. ఎన్ని పళ్ళు పోయాయో చెప్పి డబ్బులు కట్టు" అన్నాడు.

గోల విని అబ్బాయి వెనక్కి వచ్చాడు. వచ్చి ఊరుకున్నాడా, సంచీ పక్కన పెట్టి, చితకని పళ్ళన్నీ ఏరి బండి మీద పేర్చాడు, వాటర్ బాటిల్‌తో డిటెక్టివ్ గారి మొహం కడిగాడు. సంచీ మూతి తెరిచే ఉంది కాబట్టి నేను తొంగిచూశాను. చీరలు. వాళ్ళమ్మగారివి, ఫాల్ కుట్టించి పీకో చేయించడానికి. అమ్మ చీరకు మ్యాచింగ్ ఫాల్ కోసం రోహిణి కార్తెలో బీసెంట్ రోడ్డుకు వచ్చే కుర్రాడి మీద ఇంక ఏ దర్యాప్తు కావాలండీ!

సరిగ్గా అప్పుడు పసుపు టీషర్టు కుర్రాడు గుంపులోంచి ముందుకొచ్చి, డిటెక్టివ్ గారి కాళ్ళకు దణ్ణం పెట్టినంత పని చేశాడు. "గురూగారూ! మీరా!" ఇతగాడు ఒకప్పుడు ఈయన దగ్గరే అసిస్టెంటట. జీతం అడిగినందుకు బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నాడట. ఇప్పుడు అబ్బాయి తరఫు వాళ్ళు మా చెల్లెలి కుటుంబం గురించి వాకబు చేయమని ఇతన్ని పెట్టుకున్నారు. మధ్యాహ్నం నుంచీ మా వెంటే ఉన్నాడు, అంతా వీడియో కూడా తీశాడు. గురుశిష్యులు టీకొట్టు దగ్గర రెండేసి టీలు, నాలుగేసి సమోసాలు తిని, మీ వాళ్ళ వివరాలు మాకివ్వు, మా వాళ్ళవి మీకిస్తాం అని అక్కడికక్కడే ఒప్పందం చేసుకున్నారు. టీలకూ సమోసాలకూ డబ్బులు ఈగలే ఇచ్చింది.

మాకు రిపోర్టు స్పైరల్ బైండింగుతో వచ్చింది, ప్రతి పేజీ మీదా "అత్యంత రహస్యం" అని ఎర్రముద్ర. లోపలున్నది మొత్తం మామ్మగారు చెప్పిందే, వంకాయతో సహా, నా ఫోన్లోంచి అడిగి తీసుకున్నదే. చివర బిల్లులో "ఆపరేషన్‌లో ధ్వంసమైన సామగ్రి" అని ఒక పద్దు. పెదనాన్న కళ్ళజోడు సవరించుకుని, "మామిడిపళ్ళకి డబ్బులు నేను కట్టానంటే ఆ పళ్ళు నావే కదండీ, అవి ఎక్కడ?" అని అడిగాడు. డిటెక్టివ్ గారు ఎంతో గంభీరంగా, "సాక్ష్యాధారాలను నాశనం చేయాల్సి వచ్చింది" అన్నారు. కోటు మీద ఇంకా తీపి వాసన వస్తూనే ఉంది.

అవతలి వాళ్ళకీ రిపోర్టు అందింది. రెండు రోజులకు అబ్బాయి తండ్రిగారు ఫోన్ చేశారు, మా పెదనాన్న స్పీకర్ పెట్టాడు. అమ్మాయి గురించి అంతా బంగారం అని రాశారట, చాలా సంతోషం. మీ కుటుంబం గురించీ ఏ వంకా లేదు. "ఒక్కటే చిన్న సందేహం బావగారూ. అమ్మాయి అన్నయ్యంటూ ఒక కుర్రాణ్ణి చూపించారు వీడియోలో. పనీపాటా లేకుండా స్కూటీ మీద తిరుగుతున్నాడు, తల మీద నల్లకోటు మనిషొకడు నిలబడి ఉన్నాడు, బజార్లో మామిడిపళ్ళ బండి తిరగబడితే పక్కన నిలబడి మా వాడి సంచీలోకి తొంగిచూస్తున్నాడు. ఇంతకీ ఆ అబ్బాయి ఏదైనా ఉద్యోగం చేస్తాడా?"

మా పెదనాన్న నా వైపు, నా లుంగీ వైపు, టీపాయ్ మీద తెరిచి ఉన్న లాప్‌టాప్ వైపు చాలాసేపు చూశాడు.

"చేస్తున్నానంటాడు బావగారూ" అన్నాడు. "నిజమో కాదో కనుక్కోవాలి. మీవాడు తక్కువలో చేస్తాడా, లేక మావాణ్ణే పెట్టమంటారా?"