ఇర్విన్ కోసం కన్నీళ్లు, స్టింగ్‌రేల మీద కత్తులు

టీవీలో ‘క్రోకడైల్ హంటర్’గా పేరుపడ్డ స్టీవ్ ఇర్విన్ స్టింగ్‌రే (తోకకు ముల్లుండే చదునైన సముద్రపు చేప) పొడిచి చనిపోయి పది రోజులు తిరగకముందే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ తీరంలో స్టింగ్‌రేల కళేబరాలు కనిపించడం మొదలైంది. కనీసం పది దొరికాయి. కొన్నిటికి తోకలు నరికేసి ఉన్నాయి. ముల్లు గుచ్చుకుంటుందన్న భయంతో చేపలు పట్టేవాళ్లు తోక కోసి పడేయడం మామూలేనని కొందరన్నారు. అదీ కొట్టిపారేయలేని మాటే. కానీ ఇర్విన్ స్థాపించిన వైల్డ్‌లైఫ్ వారియర్స్ సంస్థకు ఇది పగతో చేసిన పనేమోనన్న అనుమానం వచ్చింది. ఆయన మీద ప్రేమతో ఏ జంతువునూ హింసించొద్దని జనానికి చెప్పుకోవాల్సి వచ్చింది. అందరూ అసహ్యించుకునే జంతువుల తరఫున జీవితమంతా మాట్లాడిన మనిషి పోతే, ఆయన సంస్థకు ఎదురైన మొదటి పనుల్లో ఇదొకటి.

ఆ సంతాపం గురించి ఎప్పుడు మాట్లాడినా పూల గుట్టలు, సంతకాలు పెట్టిన ఖాకీ చొక్కాలు, వేదిక మీద ఎనిమిదేళ్ల కూతురు బిందీ కనిపిస్తారు. ఈ చేపల సంగతి ఎక్కడో ఒక మూల వాక్యంగా మిగిలిపోతుంది. నన్నడిగితే ఆ సంతాపాన్ని అర్థం చేసుకోవాలంటే మొదలుపెట్టాల్సింది ఇక్కడినుంచే.

2006 సెప్టెంబరు 4న ఇర్విన్ పోర్ట్ డగ్లస్ దగ్గరున్న బ్యాట్ రీఫ్‌లో సముద్రపు ప్రమాదకర జీవుల మీద డాక్యుమెంటరీ తీస్తున్నారు. వాతావరణం సహకరించక అసలు షూటింగ్ ఆగిపోయింది. ఖాళీగా కూర్చోవడం ఆయనకు చేతకాదు. కూతురు బిందీ చేయబోయే పిల్లల కార్యక్రమానికి పనికొస్తాయని కొన్ని షాట్ల కోసం లోతు తక్కువ నీళ్లలోకి దిగారు. స్టింగ్‌రే తోక ముల్లు ఛాతీలో దిగింది. ఆయన వయసు 44. స్టింగ్‌రే తనంతట తానుగా మనిషి మీదకు వచ్చే జీవి కాదు, ముప్పు ముంచుకొచ్చిందనిపిస్తేనే తోక విసురుతుంది. దానివల్ల మనిషి చనిపోవడం చాలా అరుదు. ఆయనకు ఎప్పుడో ఒకప్పుడు మొసలి చేతిలోనే చావుందని సగం సరదాగా, సగం సీరియస్‌గా అనుకున్నవాళ్లకు ఈ వార్త మింగుడుపడలేదు.

ఆ తర్వాత జరిగింది ఒక సినీతారకో, దేశాధినేతకో జరిగే స్థాయిలో జరిగింది. సిడ్నీ హార్బర్ బ్రిడ్జి మీద జెండాలు కిందికి దించారు. అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరుపుతామని క్వీన్స్‌ల్యాండ్ ప్రభుత్వం ముందుకొస్తే తండ్రి బాబ్ ఇర్విన్ వద్దన్నారు. తన కొడుకు మామూలు మనిషి, మామూలు మనిషిగానే గుర్తుండాలనుకుంటాడు అన్నది ఆయన మాట. అంత్యక్రియలు కుటుంబం వరకే చేసుకున్నారు. సెప్టెంబరు 20న వాళ్ల కుటుంబం నడిపే ఆస్ట్రేలియా జూలోని క్రోకోసియంలో సంస్మరణ సభ పెట్టారు. ఐదు వేల మందికి పైగా పట్టే ఆ స్టేడియంలో ప్రధాని జాన్ హోవర్డ్ మాట్లాడారు, జాన్ విలియమ్సన్ పాడారు. ఇర్విన్ ట్రక్కును సామానుతో సహా చివరిసారి బయటికి నడిపించారు. జూ సిబ్బంది పసుపు పూలతో నేల మీద ఆయన ఊతపదం ‘క్రైకీ’ని పేర్చారు. ప్రపంచవ్యాప్తంగా 30 కోట్ల మంది చూశారని ప్రచారమైంది. ఇలాంటి లెక్కలు ఎవరు, ఎలా కడతారో వాళ్లకే తెలియాలి.

ఇంత దుఃఖం చూపించిన దేశమే అంతకుముందు ఆయన్ని చూసి కాస్త సిగ్గుపడేది. ఆ మాట ఇప్పుడు ఎవరూ పెద్దగా అనరు. క్రోకడైల్ హంటర్ కార్యక్రమం 1996లో ఆస్ట్రేలియా టీవీలో మొదలైనా, ఆయన్ని నిజంగా స్టార్‌ని చేసింది అమెరికన్ యానిమల్ ప్లానెట్ ప్రేక్షకులు. ఖాకీ నిక్కరు, గట్టి గొంతు, ప్రతి పాము ముందూ అదే ఉత్సాహం. పరాయి దేశాలవాళ్లు మనమంతా ఇలాగే ఉంటామనుకుంటున్నారే అని సిడ్నీ, మెల్‌బోర్న్‌లలోని చదువుకున్నవాళ్లు తలపట్టుకునేవాళ్లు. 2004 జనవరిలో నెల రోజుల కొడుకును ఒక చంకలో పెట్టుకుని మొసలికి మేత వేసినప్పుడు ఇంటా బయటా ఆయన్ని దుమ్మెత్తిపోశారు. అదే ఏడాది అంటార్కిటికాలో తిమింగలాలకు, పెంగ్విన్లకు మరీ దగ్గరగా వెళ్లారన్న ఆరోపణ మీద విచారణ జరిగింది. చర్యలేమీ లేకుండానే అది ముగిసింది. మూడేళ్లు తిరక్కుండానే ఆయన జాతి రత్నమయ్యారు. ఆ సంతాపంలో ప్రేమతోపాటు పశ్చాత్తాపం కూడా ఉందని నా అభిప్రాయం. బతికుండగా ఎకసెక్కాలాడినవాళ్లే పోయాక గట్టిగా ఏడవడం లోకంలో కొత్తేమీ కాదు.

అయితే ఆ ఏడుపును నాటకమని కొట్టేయడం నాకు ఇష్టం లేదు. టీవీలో కనిపించే మనిషితో ప్రేక్షకుడికి ఒకవైపు నుంచే ఏర్పడే చనువు గురించి డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే పరిశోధకులు 1956లోనే రాశారు. అవతలి మనిషికి మనం ఎవరో తెలియదు. మనకు మాత్రం ఆయన నవ్వు, విసుగు, మాట తీరు అన్నీ తెలుసు. ఇర్విన్ విషయంలో ఆ చనువు మామూలుకంటే బాగా ముదిరింది. డేవిడ్ అటెన్‌బరో తరహా కార్యక్రమాల్లో చాలావరకు మనిషి పక్కకు తప్పుకుంటాడు, కెమెరా దాక్కుంటుంది, జంతువు తన లోకంలో తానుంటుంది. ఇర్విన్ మొసలికీ మనకీ మధ్య నిలబడతారు. కెమెరాలోకి ముఖం పెట్టి గుసగుసగా మనతోనే మాట్లాడతారు. భార్య టెర్రీ కూడా మొదటినుంచీ తెర మీదే ఉన్నారు. 1992లో పెళ్లయ్యాక హనీమూన్ మానేసి ఇద్దరూ మొసళ్లను పట్టడానికి వెళ్లారు, అప్పుడు తీసిన ఫుటేజీయే ఆ కార్యక్రమానికి పునాది. పిల్లలు పుట్టడం, పెరగడం కూడా జనం చూశారు. అలాంటి ఇంట్లో చావు జరిగితే చూసినవాళ్లకు తమవాళ్లే పోయినట్టు ఉండడంలో వింతేముంది?

చిక్కు వేరే చోట ఉంది. జనం ప్రేమించింది ఇర్విన్‌ను. ఆ ప్రేమ జంతువు దాకా వెళ్లిందా?

ఆయన చనిపోయిన మర్నాడే రచయిత్రి జెర్మైన్ గ్రీర్ బ్రిటన్‌లోని గార్డియన్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. జంతులోకం చివరికి ఇర్విన్ మీద పగ తీర్చుకుందన్నది అందులో అందరికీ గుర్తుండిపోయిన మాట. శవం ఇంకా ఇంట్లో ఉండగానే చనిపోయినవాడి తప్పులు ఎంచినట్టుంది ఆ రాత. ఆస్ట్రేలియాలో రాజకీయ నాయకుల నుంచి మామూలు పాఠకుల దాకా ఆమె మీద విరుచుకుపడ్డారు. సమయం చూసుకోలేదన్న విమర్శ న్యాయమైనదే. కానీ ఆ కోపంలో ఆమె అడిగిన అసలు ప్రశ్న కూడా కొట్టుకుపోయింది. అడవి జంతువును పట్టుకుని, కదిలించి, కెమెరా ముందు ఆడించి దానిమీద ప్రేమ నేర్పడం సాధ్యమేనా? ఆమె వ్యాసానికి ముందు కూడా చాలామంది జీవశాస్త్రవేత్తల్లో ఉన్న సందేహమే అది. సంతాపం రోజుల్లో ఆ ప్రశ్న అడగడం మర్యాద కాదు, సరే. ఆ తర్వాత కూడా అడగనివ్వని వాతావరణం ఏర్పడింది. 2019 ఫిబ్రవరిలో ఇర్విన్ పుట్టినరోజుకు గూగుల్ డూడుల్ పెడితే, దాన్ని విమర్శించిన జంతు హక్కుల సంస్థ పెటాకు మళ్లీ అదే తిట్ల వర్షం ఎదురైంది. పెటా మాటల్లో సున్నితత్వం ఏనాడూ లేదు, అది వేరే సంగతి.

గ్రీర్ తూకం ఒకచోట తప్పిందని మాత్రం చెప్పక తప్పదు. ఉప్పునీటి మొసలిని తోలు కోసం వేటాడి ఆస్ట్రేలియాలో దాదాపు తుడిచిపెట్టేశారు. రక్షణ చట్టాలు పశ్చిమ ఆస్ట్రేలియాలో 1970లో, నార్తర్న్ టెరిటరీలో 1971లో, క్వీన్స్‌ల్యాండ్‌లో 1974లో వచ్చాయి. వేట ఆగాక వాటి సంఖ్య మళ్లీ పెరిగింది. అంటే మొసలి తిరిగి మనుషుల ఊళ్ల దగ్గరికి వచ్చింది. చట్టం వేటను ఆపగలదు, పక్కనే మొసలి ఉన్న నదిలో చేపలు పట్టుకునే మనిషికి ఓర్పు నేర్పలేదు. 1980ల్లో క్వీన్స్‌ల్యాండ్ ప్రభుత్వ కార్యక్రమంలో జనావాసాల దగ్గర తిరిగే మొసళ్లను కాల్చకుండా పట్టి తరలించే పని ఇర్విన్ చేశారు. ఆ మొసలి మీద జనానికి ఇష్టం పుట్టించడానికి ప్రయత్నించారు. అంతకుముందు ఆ పని అంతమంది ముందు చేసినవాళ్లు లేరు. డబ్బున్నవాళ్లను తీసుకొచ్చి మొసళ్లను వేటాడించాలని నార్తర్న్ టెరిటరీలో ప్రతిపాదన వచ్చినప్పుడు గట్టిగా వ్యతిరేకించారు. దూరం నుంచి గంభీరంగా చెప్పే గొంతు ఈ పని ఇంత త్వరగా చేయగలిగేదని నేననుకోను.

కానీ ఆ ఇష్టంతోపాటు ఆయన అమ్మింది భయాన్ని. ప్రపంచంలో అత్యంత విషపూరితం, అత్యంత ప్రమాదకరం, ఇప్పుడు కరిస్తే ప్రాణం పోతుంది చూడండి అంటూనే ఎంత అందంగా ఉందో అనడం ఆయన పద్ధతి. చివరి డాక్యుమెంటరీ పేరు కూడా ‘ఓషన్స్ డెడ్లియెస్ట్’, సముద్రంలో అత్యంత ప్రాణాంతకమైనవి అని. టీవీలో నిలబడాలంటే భయం కావాలి, అది ఆయనకు బాగా తెలుసు. ఆయన బతికున్నంతకాలం భయం ఒక చేత, ఇష్టం ఒక చేత పట్టుకుని ఎలాగో లాక్కొచ్చారు. ఆయన పోయిన రోజు భయం నిజమైంది. ఇష్టం చెప్పే గొంతు మూగబోయింది. తోకలు నరికినవాళ్లు ఆ కార్యక్రమాలు చూసినవాళ్లే అయితే, అందులో సగం పాఠం వాళ్లకు బాగానే ఎక్కింది.

ఈ సంతాపాన్ని తెలివిగా వాడుకున్నది జనం కాదు, కుటుంబం. వాడుకోవడం అన్న మాటను ఇక్కడ మంచి అర్థంలోనే అంటున్నాను. మొదట, ఆయన చావు రికార్డయిన టేపు. దానికోసం ఎంత ఆశగా చూశారో ఊహించుకోవచ్చు. దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, నాశనం చేశారు. బిందీని సభలో మాట్లాడించడం గురించి మాత్రం నాకు ఇప్పటికీ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. నాన్నే తన హీరో అని ఆ పిల్ల తొణక్కుండా చదివింది, స్టేడియమంతా లేచి నిలబడింది. ఎనిమిదేళ్ల పిల్ల దుఃఖం లైవ్‌లో వెళ్లాలా అన్న సందేహం మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ కుటుంబం బతుకే కెమెరా ముందు గడిచింది కాబట్టి వాళ్లకు అది సహజంగానే తోచి ఉండొచ్చు.

రోడ్డుకు పేరు పెట్టడం, సముద్ర జీవుల రక్షణకు పనిచేసే సీ షెపర్డ్ సంస్థ ఓడకు పేరు పెట్టడం వంటివి ఎవరు పోయినా జరిగేవే. తల్లి లిన్ జ్ఞాపకార్థం ఇర్విన్ 2004లో మొదలుపెట్టిన వన్యప్రాణి ఆసుపత్రి అలాంటిది కాదు. అది ఆగలేదు. 2020 మొదట్లో కార్చిచ్చుల సమయానికి అక్కడ వైద్యం అందుకున్న జంతువులు 90,000 దాటాయని కుటుంబం ప్రకటించింది. అంతకన్నా చెప్పుకోవాల్సింది కేప్ యార్క్‌లోని వెన్‌లాక్ నది కథ. 2007లో ఫెడరల్ ప్రభుత్వ నిధులతో అక్కడ సుమారు 1,35,000 హెక్టార్ల పాత పశువుల ఎస్టేటును ఇర్విన్ పేరుతో అభయారణ్యంగా మార్చారు. ఆ తర్వాత కొద్దికాలానికే అందులో కొంత భాగంలో బాక్సైట్ తవ్వుతామని ఒక మైనింగ్ కంపెనీ వచ్చింది. ఒక మనిషి స్మారకమని చెప్పి కొన్న నేల మీద తవ్వకాల దరఖాస్తు! టెర్రీ ఏళ్ల తరబడి సంతకాలు సేకరించారు, కొట్లాడారు. 2013లో క్వీన్స్‌ల్యాండ్ ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని మైనింగ్ నుంచి కాపాడుతున్నట్టు ప్రకటించింది. మామూలు అడవి అయ్యుంటే ఏం జరిగేదో చెప్పలేం. ఇర్విన్ పేరు ఉన్న అడవి కాబట్టి కంపెనీకి, మంత్రులకు అది ఖరీదైన గొడవ అయింది.

అంటే ఆ కన్నీళ్లకు విలువ లేకపోలేదు. ఎవరో వాటిని పట్టుకుని ఏళ్ల తరబడి దరఖాస్తులు, పిటిషన్లు, సమావేశాల్లోకి మళ్లించాలి, అంతే. పూలు పెట్టి వెళ్లినవాళ్లలో చాలామందికి ఆ బాక్సైట్ గొడవ ఒకటి నడుస్తోందని తెలిసి కూడా ఉండదు.

ఉత్తర క్వీన్స్‌ల్యాండ్‌లో మొసలి దాడి జరిగిన ప్రతిసారీ వాటిని పెద్ద ఎత్తున చంపాలన్న డిమాండ్ మళ్లీ లేస్తుంది. అక్కడి రాజకీయ పార్టీ అయిన క్యాటర్ పార్టీ 2017 నుంచి ఇలాంటి బిల్లులు పదే పదే తెస్తూనే ఉంది. ఆ డిమాండ్ చేసేవాళ్లను అడవి శత్రువులని తీసిపారేయడం తేలిక. వాళ్లు పిల్లలను ఆ నీళ్ల పక్కనే పెంచుతున్నారు. ఇర్విన్ కోసం సిడ్నీలోనో లాస్ ఏంజెలెస్‌లోనో ఏడ్చిన మనిషి ఇంటి దగ్గర ఉప్పునీటి మొసలి ఉండదు. మొసలిని బతకనివ్వడానికి అయ్యే ఖర్చు, టెన్షన్ అంతా కెయిర్న్స్‌కు ఉత్తరాన నదుల ఒడ్డున ఉన్న వాళ్లదే. ఆయన మాట ఇప్పుడు నిలబడాల్సింది అక్కడ, వాళ్ల దగ్గర. ఎన్నికలు వచ్చినప్పుడల్లా అది మళ్లీ పరీక్షకు నిలబడుతోంది.