తంతే బూరెల బుట్టలో పడదు

“ఎటన్నా తన్నురా!”

హన్మకొండలో ఒక మైదానంలో పిల్లల రగ్బీ ప్రాక్టీసు చూస్తున్నంతసేపూ మా చెవిన పదేపదే పడిన మాట ఇది. బంతి చేతిలో ఉన్న పిల్లాడి మీదకు ముగ్గురు దూసుకొస్తున్నారు. పాస్ ఇద్దామంటే పక్కన ఎవరూ లేరు. వెనక నుంచి సొంత జట్టు పిల్లలంతా ఒకటే కేక. వాడు తల వంచి, బలమంతా కూడదీసుకుని తన్నాడు. బంతి పోయి పోయి అవతలి జట్టులో అందరికన్నా వేగంగా ఉరికే పిల్లాడి గుండెల మీద పడింది. తన్నినవాడి జట్టు మాత్రం ఎక్కడివాళ్లక్కడే నిలబడి చూస్తోంది. ఇంకేముంది, బంతి పట్టినవాడు ఒక్క పరుగున గీత దాటి బంతిని నేలకు ఆనించి ట్రై పెట్టేశాడు, అంటే పాయింట్లు కొట్టేశాడు. ఆ గంటలో ఇదే కథ ఐదారుసార్లు నడిచింది.

తంతే బూరెల బుట్టలో పడ్డట్టు అని మనకో సామెత ఉంది. అదృష్టం కలిసొచ్చినవాడి గురించి చెప్పే మాట. మన పిల్లల రగ్బీలో కిక్ మొత్తం ఆ అదృష్టం మీదే నడుస్తోందన్నది మా బాధ. మిగతా ఆట చూస్తే ముచ్చటేస్తుంది. ట్యాకిల్, అంటే బంతి ఉన్నవాడిని పట్టి పడేయడం, వీళ్లకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు. కూతకు వచ్చినవాడి చీలమండ అందుకుని నేలకు వంచడం కబడ్డీ ఆడే ప్రతి ఊళ్లో చిన్నప్పుడే వచ్చేస్తుంది. పరుగు సంగతి అసలు చెప్పనక్కర్లేదు. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లిన జీవాంజి దీప్తి 2024లో కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి మేధోపరమైన వైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో ప్రపంచ రికార్డు సాధించారు. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చారు. ఈ నేల మీద కాళ్లకు కొదవ లేదు. ఆ కాళ్లతో బంతిని ఎక్కడికి, ఎప్పుడు, ఎందుకు తన్నాలో చెప్పేవాళ్లే కరవు.

రగ్బీలో రకాలున్నాయి. 15 మంది ఆడేది యూనియన్, 13 మంది ఆడేది లీగ్, ఏడుగురు ఆడేది సెవెన్స్. మన పిల్లలు ఆడుతున్నది సెవెన్స్. 2016 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్నదీ అదే. ఏడేసి నిమిషాల రెండు సగాలు, అంతే. ఇందులో చాలామంది గమనించని నిబంధన ఒకటుంది. పాయింట్లు సాధించిన జట్టే మళ్లీ సెంటర్ నుంచి కిక్ కొట్టి ఆట మొదలుపెట్టాలి. అంటే ట్రై పెట్టిన మరుక్షణం బంతి అవతలివాళ్లకు ఇచ్చేస్తున్నట్టే. కాకపోతే కిక్ బాగుంటే దాన్ని మళ్లీ మనమే అందుకోవచ్చు. బంతి కనీసం పది మీటర్లు దాటాలి. పది మీటర్లు ఉరకడానికి మన పిల్లలకు రెండు సెకన్లు చాలు. బంతి మూడు సెకన్లు గాల్లో నిలిచేలా, పది మీటర్ల గీత కాస్త దాటి పడేలా తన్నగలిగితే అది కింద పడే చోటికి మనవాళ్లే ముందు చేరతారు. పద్నాలుగు నిమిషాల ఆటలో ఇలా రెండుసార్లు బంతి తిరిగి దక్కినా మ్యాచ్ తీరే మారిపోతుంది. మేం చూసిన ప్రాక్టీసులో కిక్ అయితే పది మీటర్లు దాటకుండానే పడిపోయేది, లేదంటే బలం ఎక్కువై నేరుగా పక్క గీత బయటికి పోయేది. రెండింటికీ శిక్ష ఒకటే, అవతలివాళ్లకు సెంటర్‌లో ఫ్రీ కిక్.

ఈ కిక్‌ను డ్రాప్ కిక్ అంటారు. చెప్పడానికి తేలిక, చేయడానికి కష్టం. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని నిలువుగా పట్టుకుని కొనమీద పడేలా వదలాలి. అది నేలను తాకి పైకి లేస్తున్న ఆ క్షణంలోనే పాదం తగలాలి. వేళ్లు కాస్త వంకర పోయినా బంతి పక్కకు దొర్లుతుంది. మేం చూసింది గట్టి మొరం నేల. ఒక చోట రాయి, ఇంకో చోట గుంట. ఒకే పిల్లాడు ఒకేలా వదిలిన బంతి మూడుసార్లు మూడు దిక్కులకు ఎగిరింది. గడ్డి మైదానం అందరికీ రేపే వస్తుందని మేం ఆశించడం లేదు. ఉన్న మైదానంలో సెంటర్ దగ్గర పది అడుగుల మేర మట్టి చదును చేసి నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించడం మాత్రం ఏ పాఠశాలకైనా ఒక పూట పని.

తన్నడంలో తెలివి ఎంత పనిచేస్తుందో చూడాలంటే రగ్బీ లీగ్ చూడాలి. అక్కడ బంతి ఉన్న జట్టును అవతలివాళ్లు ఆరుసార్లు పడేస్తే బంతి అప్పగించేయాలి. అందుకే ఐదు ట్యాకిల్స్ అయ్యాక దాదాపు ప్రతిసారీ కిక్ వస్తుంది. చూసేవాళ్లకు అది బంతిని వదిలించుకోవడంలా కనిపిస్తుంది. నిజానికి అవతలి జట్టు తర్వాతి పరుగు ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయించేది అదే. ఎత్తుగా లేపితే పట్టేవాడు తడబడతాడు. నేల మీద దొర్లించి వాళ్ల గీత వెనక్కి పంపితే, వాళ్లు అక్కడే దొరికిపోయి బంతిని తిరిగి మనకే తన్నాల్సి వస్తుంది. ‘40/20’ అని ఒక నిబంధన కూడా ఉంది. తన 40 మీటర్ల గీత లోపలి నుంచి తన్నిన బంతి మైదానంలో ఒకసారి పడి, అవతలి జట్టు 20 మీటర్ల లోపల పక్క గీత దాటితే బంతి తన్నినవాళ్లకే వస్తుంది. 2023 ఆస్ట్రేలియా లీగ్ ఫైనల్లో పెన్రిత్ జట్టు ఒక దశలో 8-24తో వెనకబడింది. ఆ తర్వాత కోలుకుంటున్న క్రమంలో ఆ జట్టు ఆటగాడు నాథన్ క్లియరీ అలాంటి కిక్ ఒకటి కొట్టి జట్టును అవతలి గీత ముందు నిలబెట్టాడు. చివరికి పెన్రిత్ 26-24తో గెలిచింది. తలెత్తి, చూసి, ఖాళీ జాగా ఎంచుకుని కొట్టిన దెబ్బ అది.

ఖాళీ చూసి కొట్టడం మన పిల్లలకు తెలియని విద్యా? ఎంతమాత్రం కాదు. చిర్రగోనె ఆడిన ఎవరినైనా అడగండి. చిర్రను గాల్లోకి లేపే ముందే కన్ను ఎవరు ఎక్కడ నిలబడ్డారో లెక్కవేసి ఉంటుంది. మనిషి లేని దిక్కుకే దెబ్బ పడుతుంది. గాల్లో పట్టేశారంటే ఔట్ కాబట్టి ఆ జాగ్రత్త ఎవరూ చెప్పకుండానే వచ్చేది. అదే చూపు రగ్బీ బంతి దగ్గరికి వచ్చేసరికి ఎటు పోతోంది? టెన్షన్‌లో కొట్టుకుపోతోంది. కిక్ అంటే చిక్కుల్లో పడ్డప్పుడు చేసే పని అన్నట్టే ప్రాక్టీసు సాగుతోంది. చేతిలో సమయం ఉండగా, ముందుగా అనుకుని, జట్టంతా సిద్ధంగా ఉండి తన్నిన కిక్ ఆ గంటలో మాకు ఒక్కటీ కనిపించలేదు.

జట్టంతా అన్నది ఊరికే అన్న మాట కాదు. తన్నేవాడు ఒక్కడే అయినా కిక్ ఏడుగురి పని. ఎవరు వెంట ఉరకాలి, ఎవరు అవతలివాడి దారి మూయాలి, ఎవరు వెనక కాపలా ఉండాలి అన్నది ముందే తేలాలి. వెంట ఉరికేవాళ్లు లేని కిక్ అవతలివాడికి ఇచ్చిన పాస్‌తో సమానం. పైగా జట్టు మొత్తానికి ఒక్క పిల్లాడికే తన్నే బాధ్యత. వాడిదీ కుడికాలే. ఈ సంగతి పసిగట్టడానికి అవతలి కోచ్‌కు రెండు నిమిషాలు చాలు.

కోచ్‌లను, పీఈటీలను నిందించాలని మాకు లేదు. ఒకే సారు వాలీబాల్, ఖోఖో, కబడ్డీ, అథ్లెటిక్స్ అన్నీ చూసుకుంటూ రగ్బీ కూడా నేర్పిస్తున్నచోట కిక్ గురించి ఆయనకు నేర్పేదెవరు? వేసవి శిబిరాలకు ముందు జిల్లా క్రీడాధికారులు పీఈటీలకు కిక్ ఒక్కదాని మీదే రెండు రోజుల శిక్షణ పెట్టాలి. ఆ తర్వాత ప్రతి ప్రాక్టీసులో ఇరవై నిమిషాలు, ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడు, రెండు కాళ్లతోనూ తన్నాలి. పరుగు పందేల్లో, కబడ్డీలో మెరిసిన పిల్లలు ఉట్నూరు నుంచి ఏటూరునాగారం దాకా గిరిజన గురుకులాల్లో కావలసినంత మంది ఉన్నారు. 2007లో లండన్‌లో జరిగిన అండర్-14 పాఠశాలల అంతర్జాతీయ రగ్బీ టోర్నీని భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదువుకుంటున్న గిరిజన పిల్లలే గెలిచారు. ఒడిశాలో సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు?

ప్రాక్టీసు ముగిశాక మేం చూసిన మరో సంగతి చెప్పాలి. తాడ్వాయి వైపు నుంచి వచ్చిన ఓ అమ్మాయి బంతిని వెంటనే సంచిలో వేయలేదు. రెండు చేతులతో నిలువుగా పట్టుకోవడం, కొనమీద వదలడం, మళ్లీ అందుకోవడం, అలా చీకటి పడేదాకా చేస్తూనే ఉంది. చివరికి సారు దగ్గరికి వెళ్లి, సెలవులకు ఈ బంతి ఇంటికి తీసుకుపోవచ్చా అని అడిగింది. ఆయన కాదన్నారు. ఆయన తప్పు లేదు. ఉన్నవి నాలుగు బంతులు. నాలుగూ స్టాక్ రిజిస్టర్‌లో ఉన్నాయి. ఒకటి పోతే జవాబు చెప్పాల్సింది ఆయనే. అందుకే సంచికి తాళం పడింది.

బంతిని బెంచీలా, బీరువాలా లెక్కరాసినంత కాలం అది గదిలోనే ఉంటుంది. చాక్‌పీసులా, వాడితే అరిగిపోయే వస్తువులా రాయాలి. ఇందుకు కొత్త పథకం అక్కర్లేదు, విద్యాశాఖ నుంచి ఒక్క సర్క్యులర్ చాలు. అది దసరా సెలవుల లోపే రావాలని, ఆ అమ్మాయి ఈసారి ఊరికి బంతితో వెళ్లాలని మేం కోరుతున్నాం.