గేటు పట్టీ

మా ఇంట్లో ప్రస్తుతం నాతో మాట్లాడుతున్నది నాన్న ఒక్కరే, అదీ టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడు మాత్రమే. అమ్మకి నేను ఐదు కేజీల నువ్వుల నూనె బాకీ. అప్పకి, అంటే మా అక్కకి, ఒక హెయిర్ డ్రయ్యర్ బాకీ. ఈ రెండూ ఒక కత్తి కోసం పోయాయి. ఆ కత్తి ఇంకా ఉంది, దాని సంగతి చివర్లో చెప్తాను.

మొదలైంది ఫోనులో. రాత్రి పదకొండు దాటాక నిద్ర పట్టక చూస్తుంటే, ఎవరో గడ్డమాయన తుప్పు పట్టిన ఇనప ముక్కని కాల్చి, కొట్టి, రుద్ది, ఆఖరికి దాంతో కాగితాన్ని గాల్లోనే సర్రున కోసేశాడు. మొత్తం ఇరవై నిమిషాలు. ఆయన ఇరవై నిమిషాల్లో చేసింది నేను నాలుగు ఆదివారాల్లో చెయ్యలేనా అనిపించింది. విజయనగరంలో ఒక ఆఫీసులో లెక్కలు రాసుకునే ఉద్యోగం నాది. చేత్తో చేసిన ఆఖరి వస్తువు ఆరో తరగతిలో థర్మాకోల్ ఇల్లు, దానికి గోడలు నాన్న నిలబెట్టారు, పైకప్పు అప్ప వేసింది, నేను పేరు రాశాను.

ఇంట్లో చెప్పాను. నాన్న రిటైరైన టీచరు, ముందు రూలు చెప్పారు. కత్తి 9 అంగుళాల కంటే పొడుగున్నా, 2 అంగుళాల కంటే వెడల్పున్నా ఆయుధాల చట్టం కిందికి వస్తుందట, వంటింటికీ వ్యవసాయానికీ వాడేవాటికి మాత్రం మినహాయింపట. "వంటింటి కత్తే నాన్నా, ఆవకాయకి మామిడికాయ కొట్టడానికి" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకే తెలీదు. లోపల నుంచి అమ్మ, "కత్తిపీట ఉంది కదరా, అది మా అత్తగారిది, ఇంకో ముప్పై ఏళ్లొస్తుంది" అంది. అక్కడితో ఆగిపోవాల్సింది.

బజార్లో ఇనుము కొట్టుకెళ్లి పట్టీ కావాలన్నాను. "గేటుకా, గ్రిల్లుకా?" అన్నాడు కొట్టాయన. కత్తికి అన్నాను. ఆయన నా చేతుల వంక, చొక్కా జేబులో పెన్ను వంక చూసి, "కత్తికైతే గేటుది తీసుకోండి, గట్టిగా ఉంటుంది" అని అడుగున్నర ముక్క కోసిచ్చాడు. ఆయన్నేమీ అనడానికి లేదు, ఆయన నన్నడిగింది సరైన ప్రశ్నే, నేనే తప్పు జవాబు చెప్పాను.

మూడు వారాలు డాబా మీద ఆకురాయితో రుద్దాను. గ్రైండరు కొన్నాను గానీ, అది చేతిలోంచి జారి పూలకుండీని రెండు చేసిన రోజు నుంచి ఆకురాయే సుఖమనిపించింది. నిజం చెప్పాలంటే పని చాలా తేలిగ్గా సాగింది. ఆకురాయి పెడితే చాలు, ఇనుము జున్నులా రాలేది. వీడియోల్లో వాళ్లంతా చేతులు పడిపోయాయని మొత్తుకుంటుంటే, నా చేతిలో ఏదో విద్య ఉందనుకున్నాను. మా ఆఫీసులో ఇద్దరికి ఫోటోలు కూడా చూపించాను. ఒకాయన "చేపా?" అన్నాడు.

ఆకారం వచ్చాక అసలు ఘట్టం. కత్తిని ఎర్రగా కాల్చి నూనెలో ముంచాలి, అప్పుడే అది గట్టిపడుతుంది. దీనికి కొలిమి కావాలి కదా, పాత ఇనప తట్టకి లోపల మట్టి మెత్తి, పక్కన కన్నం పెట్టి ఒక పైపు దూర్చి, పైపు రెండో చివర అప్ప హెయిర్ డ్రయ్యర్ కట్టాను. అప్ప పుట్టింటికి వచ్చి పది రోజులైంది, డ్రయ్యర్ ఎప్పుడూ బీరువా పైనే పడి ఉంటోంది, ఒక్క గంటకి అడగడమెందుకని అడగలేదు.

ఎంత కాల్చాలో తెలుసుకోడానికి ఒక చిట్కా ఉంది. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది, అది దాటాక ఇంకొంచెం ఎర్రబడనిచ్చి తియ్యాలి. అయస్కాంతం కోసం ఇల్లంతా వెతికితే ఫ్రిజ్ మీద ఉన్న అరటిపండు బొమ్మ ఒక్కటే దొరికింది. దాన్ని తీగ చివర కట్టి కత్తి దగ్గరికి పట్టుకెళ్లాను. అరటిపండు మొదట పండింది, తర్వాత మాగింది, తర్వాత కత్తి మీద కారింది. ఆ పొగలో అయస్కాంతం అంటుకుందో లేదో నాకు కనపడలేదు, అంటుకోలేదనే నిర్ణయించుకున్నాను.

ఇక నూనె. వీడియోలాయన వంటనూనె చాలన్నాడు, కాస్త గోరువెచ్చగా చెయ్యమన్నాడు. వంటింట్లో చూస్తే వేరుశనగ నూనె అడుగంటింది. పక్కన పెద్ద క్యాను, నిండా నూనె, మూత మీద గుడ్డ కట్టి ఉంది. ఆ గుడ్డ చూసైనా నాకు అనుమానం రావాలి. మామూలు నూనెకి ఎవరూ గుడ్డ కట్టరు. అది అమ్మ గానుగ దగ్గర రెండు గంటలు నిలబడి, నువ్వులు కళ్లముందే పోయించి, ఆవకాయకని ఆడించి తెచ్చిన నూనె. ఆ రోజు మంగళవారం, అమ్మ మూడు లాంతర్ల దగ్గర పైడితల్లమ్మ గుడికెళ్లింది, అడుగుదామంటే లేదు. అంటే, లేనప్పుడే నాకు అడగాలనిపించింది.

పట్టకారుతో కత్తిని పట్టుకుని క్యానులో దించాను. వీడియోలో సుయ్యిమని ఒక్క చప్పుడు, కాస్త పొగ, అంతే. నా దగ్గర చప్పుడు వచ్చింది, పొగ వచ్చింది, కత్తి క్యాను కంటే పొడుగు కావడం వల్ల సగం పైనే ఉండిపోయింది, ఆ పైనున్న ఎర్రటి సగం దగ్గర నూనె భగ్గున అంటుకుంది. ఎదురింటి డాబా మీద ఒడియాలు పెట్టుకుంటున్న పిన్నిగారు "ఓలమ్మో!" అని ఒడియాల మీదే కూర్చుండిపోయారు. నా చెయ్యి నీళ్ల బకెట్ వైపు వెళ్లింది. మండుతున్న నూనెలో నీళ్లు పోస్తే డాబా అంతా అంటుకుంటుందని ఎక్కడో చదివింది సమయానికి గుర్తొచ్చింది, కత్తి లాగేసి క్యాను మీద పెద్ద పళ్లెం బోర్లించాను. మంట ఆరింది. వెనక్కి తిరిగి చూస్తే హెయిర్ డ్రయ్యర్ మూతి కిందికి వంగిపోయి ఉంది, ఎండకి మాడిన కాకరకాయలా.

కత్తి గట్టిపడిందో లేదో చూడాలంటే ఆకురాయితో రుద్దాలి. గట్టిపడితే ఆకురాయి గాజు మీద జారినట్టు జారిపోతుంది. నేను రుద్దితే ఎప్పట్లాగే పొడి రాలింది. ఇక్కడైనా ఆగొచ్చు కదా. ఆకురాయి మంచి కంపెనీదై ఉంటుంది అనుకున్నాను, అది దేన్నైనా కోసేస్తుంది మరి. అలా అనుకుని, కత్తిని తీసుకెళ్లి కేకులు చేసే ఓవెన్‌లో 200 డిగ్రీల మీద రెండు గంటలు పెట్టాను. గట్టిపడిన ఉక్కు మరీ పెళుసుగా ఉంటుంది, ఇలా వేడి చేస్తే కాస్త నెమ్మదిస్తుంది. నా కత్తి పుట్టినప్పటి నుంచీ నెమ్మదే. ఆ విషయం నాకు ఇంకా తెలీదు.

సరిగ్గా అప్పుడే అమ్మ గుడి నుంచి వచ్చింది. గుమ్మంలోనే ఆగి, గాలి పీల్చి, ముఖమంతా వెలిగిపోతూ, "ఎవరింట్లోరా అరిసెలు వండుతున్నారు? నువ్వుల నూనె వాసన ఎంత బాగుందో" అంది.

నేనేమీ మాట్లాడలేదు. అమ్మ ప్రసాదం కవరు గూట్లో పెట్టి, వంటింట్లోకెళ్లి, బయటికొచ్చింది. గుడ్డ చేతిలో ఉంది. తర్వాత జరిగింది రాయను.

అంతా అయ్యాక మిగిలింది కత్తి పరువు. పనస చెక్కతో పిడి వేశాను. బొబ్బిలిలో వీణలే పనస చెక్కతో చేస్తారు, నా పిడికి సరిపోదా? బంక పెట్టి అంటించి, ఒక రాత్రంతా ఇటుక బరువు పెట్టి, పొద్దున్నే సానబెట్టి పచ్చి మామిడికాయ మీద వేశాను. తొక్క తెగింది. కండ తెగింది. టెంక దగ్గర టక్‌మని ఆగింది. తీసి చూస్తే అంచు ఒక పక్కకి చుట్టుకుపోయి ఉంది, తమలపాకు కొన వడలితే ముడుచుకున్నట్టు. గోటితో నొక్కితే వెనక్కి కూడా వచ్చింది. నాన్న కళ్లజోడు సవరించుకుని, "మినహాయింపు కూడా అక్కర్లేదురా దీనికి" అన్నారు.

ఆ ఆదివారం నెల్లిమర్ల దాటాక ఒక ఊళ్లో రోడ్డు పక్కన కొలిమి ఉందని తెలిసి వెళ్లాను. తిత్తి పోయి కరెంటు బ్లోయరు వచ్చింది గానీ మిగతాదంతా పాతకాలమే, వేప చెట్టు కింద దాగలి, చుట్టూ పిడి ఊడిన పారలు, కొడవళ్లు. తాత కత్తిని తీసుకుని అటూ ఇటూ తిప్పలేదు, గ్రైండరుకి ఒక్కసారి ఆనించాడంతే. నిప్పురవ్వలు పొడుగ్గా, బుద్ధిగా, గీతల్లా వెళ్లి ఆరిపోయాయి.

"ఇది గేటు పట్టీ కదేటి బావూ" అన్నాడు.

"ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను తాతా."

"గేటుని ఎంత కాల్సినా గేటే."

పక్కనున్న లారీ కమాను ముక్క తీసి ఆనించాడు. ఈసారి రవ్వలు కొసల్లో చిటపట పగిలి పువ్వుల్లా విచ్చుకున్నాయి, దీపావళి కాకరపువ్వొత్తిలాగే. అంతా ఇనుములో కలిసిన బొగ్గు, అదే కార్బన్, మహత్యం. గేటు పట్టీలో కార్బన్ పావు శాతం కూడా ఉండదు, కమానులో 0.6 శాతం దాకా ఉంటుంది. అంత తేడాకే ఒకటి గేటు, ఒకటి కత్తికి పనికొచ్చే ఉక్కు. ఉక్కు కోసం అప్పట్లో పర్షియా నుంచి వర్తకులు నిజామాబాద్ వైపు కోనసముద్రం దాకా వచ్చేవారట, ఆ ఉక్కుని ఇంగ్లీషులో పిలిచే ఊట్జ్ అనే మాట మన ఉక్కు నుంచే పుట్టిందంటారు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని గోడల మీద చూస్తూ పెరిగిన వాణ్ణి, ఇంటికి గంటన్నర దూరంలో ఉక్కు ఫ్యాక్టరీ పెట్టుకుని, గేటు కొనుక్కొచ్చి మూడు వారాలు రుద్దాను.

తాత నా ముఖం చూసి జాలిపడ్డాడో, పని లేదో, ఆ కమాను ముక్కనే కాల్చి, సాగదీసి, అరగంటలో చిన్న కత్తి ఆకారం తెచ్చాడు. మళ్లీ కాల్చి, అంచు ఒక్కటే నీళ్ల తొట్టిలో వేలెడంత ముంచి తీశాడు. మొత్తం ముంచితే చిట్లిపోతుందట. తీసిన వెంటనే ఇటుక ముక్కతో అంచుని బరబరా రుద్ది తెల్లగా చేసి, "సూడు" అన్నాడు. వీపు వైపు ఇంకా వేడిగా ఉంది, ఆ వేడి మెల్లగా కిందికి దిగుతోంది. తెల్లటి అంచు మీద ముందు ఎండుగడ్డి రంగు పాకింది. తర్వాత తేనె రంగు. దాని వెనకాలే వంకాయ రంగు తొంగిచూస్తోంది, అది అంచు దాకా వస్తే కత్తి మెత్తబడిపోయినట్టే. తేనె రంగు అంచుని తాకిన క్షణంలో కత్తి మొత్తం తొట్టిలోకి వెళ్లిపోయింది. నేను ఓవెన్‌లో రెండు గంటలు పెట్టిన పని, ఆయన బీడీ ఆరేలోపు అయిపోయింది. ఆకురాయి పెట్టి చూశాను. జారిపోయింది.

"సన్న కత్తులకి నూనే మంచిది బావూ, నూనె మేమెక్కడ కొంటాం" అన్నాడు మాటల్లో. నా దగ్గర ఐదు కేజీలుంది అన్నాను. మాడింది, లోపల కరిగిన అరటిపండు ఉంది, అయినా నువ్వుల నూనే. సాయంత్రం బండి మీద క్యాను పట్టుకెళ్లి ఇచ్చేసి, ఆ చిన్న కత్తీ, మూరెడు కమాను ముక్కా తెచ్చుకున్నాను. తాత క్యాను మూత తీసి వాసన చూసి, "ఆవకాయ నూనె కదేటి" అన్నాడు. ఆయన ముఖంలో అమ్మ కనపడింది.

తాత కత్తి అమ్మకిచ్చాను, అమ్మ తీసుకుంది, మాట్లాడలేదు. ఆవకాయ కాయ మాత్రం మార్కెట్లోనే కొట్టించుకొచ్చింది. నా గేటు కత్తికి కూడా పని దొరికింది. పలచగా, వెడల్పుగా ఉంది, పదును ఎలాగూ లేదు, అట్లకాడగా బాగుంటుందని అప్ప వెటకారానికి అంది, నేను నిజమనుకున్నాను. మొన్న ఆదివారం పొద్దున్న అందరికీ నేనే అట్లు పోస్తానని పెనం ముందు నిలబడ్డాను. రెండు అట్లు బ్రహ్మాండంగా తిరిగాయి. మూడోదానికి పిడి బంక వేడికి మెత్తబడిపోయి, పనస చెక్క నా చేతిలోనూ కత్తి అట్టు కిందా మిగిలాయి.

అమ్మ వెనక్కి కూడా తిరగలేదు. "మాడుతోంది, నూనె వెయ్యి" అంది. పది రోజుల్లో నాతో అన్న మొదటి మాట.

వేశాను. వేరుశనగ నూనె. కొత్తగా ఆడించిన నువ్వుల నూనె బీరువాలో ఉంది, తాళం అమ్మ కొంగున ఉంది.