మాస్టారే సెన్సార్

అన్నంలో, సాంబారులో చెడ్డ బ్యాక్టీరియా ఉందో లేదో అక్కడికక్కడే తేల్చే పరికరం కోసం ప్రపంచమంతా ల్యాబుల్లో బుర్రలు బద్దలు కొట్టుకుంటోంది. మన సర్కారు బడుల్లో అది ఎప్పటినుంచో పనిచేస్తోంది. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, ఒకటో తారీఖుకి జీతం పడితే చాలు. దాని పేరు మాస్టారు. మధ్యాహ్న భోజనం వడ్డించే ముందు కనీసం ఒక టీచరుతో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలన్నది నిబంధన.

పరికరం వివరాలు చిత్తగించండి. శాంపిల్: గరిటెడు. స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా వదిలిన విషమైతే ఫలితం అరగంట నుంచి 8 గంటల్లో, వాంతి రూపంలో. సాల్మొనెల్లా బ్యాక్టీరియా అయితే 6 గంటలు మొదలుకొని కొన్ని రోజులు. ఈలోగా పిల్లలు తిని, కంచాలు కడిగి, లెక్కల క్లాసు కూడా ముగించేస్తారు. ఉప్పు తక్కువైతే మాత్రం క్షణాల్లో పట్టేస్తుంది. రెండ్రోజులు సెలవిస్తే మళ్లీ వాడుకోవచ్చు.

తృప్తి లేని కొందరు స్ట్రిప్ కిట్లు తెమ్మంటున్నారు. గర్భ పరీక్ష కార్డు లాంటివే. బంగారు నానో కణాలకు అంటించిన యాంటీబాడీలు బ్యాక్టీరియాను పట్టుకుని 'టి' (టెస్టు) దగ్గర ఎర్ర గీత గీస్తాయి. 'సి' (కంట్రోల్) గీత రాకపోతే కార్డు పాడైనట్టు. డబ్బా మీద '15 నిమిషాల్లో ఫలితం' అని ఉంటుంది. నిజమే, ఆఖరి 15 నిమిషాలు. అంతకుముందు 25 గ్రాముల కూర 225 మిల్లీలీటర్ల పెప్టోన్ ద్రావణంలో (బ్యాక్టీరియాకు మేత) ఒక సీసాలో కలిపి, 37 డిగ్రీల దగ్గర 18 గంటలు బ్యాక్టీరియాను పెంచాలి. మిల్లీలీటరుకు లక్షల్లో ఉంటేగానీ గీత సరిగా కనబడదు. జబ్బు చేయడానికి అన్ని అక్కర్లేదు, అది వేరే సంగతి. నేరుగా సాంబారు చుక్కేస్తారా? నూనె, పప్పు తునకలు కార్డులోని పొరలో ఇరుక్కుని ద్రవం ముందుకు పాకదు.

కాబట్టి బుధవారం గుడ్డు కూర సంగతి గురువారం తెలుస్తుంది. పైగా ఆ సీసాలో అప్పటికి కోట్ల సాల్మొనెల్లా ఉండొచ్చు. దాన్ని 121 డిగ్రీల ఆవిరిలో 15 నిమిషాలు ఉంచి చంపాకే పారబోయాలి. అంటే ప్రెషర్ కుక్కర్ కావాలి. బడిలో ఉన్నది పప్పు ఉడికించే కుక్కర్ ఒక్కటే.

ఇంతకన్నా ప్రమాదకరమైన ప్రతిపాదన ఇంకొకటుంది: గుచ్చి చూసే థర్మామీటర్. కొన్ని వందల రూపాయలు. గిన్నె అంచున కాదు, నడిమధ్యలో గుచ్చాలి. 60 డిగ్రీలకు తగ్గకూడదు. తెల్లవారుజామున వండి, వ్యాన్లో ఊరూరా తిప్పిన అన్నం మధ్యాహ్నానికి గోరువెచ్చగా దిగితే, ఉడుకుకు కూడా చావని బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు (గట్టి పెంకుతో నిద్రపోయే రూపాలు) మొలకెత్తుతాయి. 20 నిమిషాలకోసారి రెట్టింపైతే ఒక్కటి 5 గంటల్లో 32,768. అది వదిలే వాంతి విషం మళ్లీ వేడిచేసినా పోదు. థర్మామీటర్ బ్యాక్టీరియాను చూడలేదు, నిజమే. బ్యాక్టీరియా పెరగడానికి వీలుందో లేదో చెబుతుంది.

చిక్కల్లా, ఆ మాట పిల్లలు తినకముందే చెప్పేస్తుంది. 45 చూపిందనుకోండి, 200 మంది అన్నం పారబోయమని సంతకం ఎవరు పెట్టాలి? రిజిస్టర్లో డిగ్రీలకు గడి కూడా లేదాయె. 'రుచి' గడి ఉంది. అందులో 'బాగుంది' అని నెలాఖరున ఒకే పెన్నుతో, ఒక్కసారే కూర్చుని, రాబోయే సోమవారంతో సహా నింపేసుకోవచ్చు.