నీళ్ళు కాచి తాగమన్న కాగితం గారికి

గౌరవనీయులైన నోటీసు గారికి,

నమస్కారం. తమరు మా కాలనీకి వేంచేసిన్రని నిన్ననే తెలిసింది. వాటర్ ట్యాంకు కాంపౌండ్ లోపల, ఆపరేటర్ సైకిలు ఆనించే గోడకు అంటిచ్చిన్రంట తమర్ని, పోయి చూస్తే నాలుగు మూలల్ల రెండు ఊడి గాలికి ఊగుతున్నరు. నల్లా నీళ్ళల్ల బ్యాక్టీరియా ఉందట, కాచి చల్లార్చి తాగాల్నట. మంచి మాట. కింద తారీకు చూసిన. 9. నిన్నేమో 16.

ఈ వారంల తమరికి తెల్వనివి కొన్ని చెప్త. 10న మా చిన్నోనికి వాంతులు, 11న అత్తమ్మకు మోషన్లు, 12కు నేను మంచం పట్టిన. సందు మొగల పానీపూరి ఆయనను నోటికొచ్చినట్టు తిట్టిన, పాపం చేతులు జోడిచ్చిండు. అత్తమ్మ దిష్టి తీసింది. మెడికల్ షాపాయన ఓఆర్ఎస్ ఇచ్చి, ప్యాకెట్టు లీటరు నీళ్ళల్ల కలిపి మెల్లమెల్లగ తాగియ్యమన్నడు. తాగిచ్చిన. ఏ నీళ్ళల్ల కలిపిన్నో వేరే చెప్పాల్నా? వద్దు మమ్మీ అని మూతి తిప్పుకుంటే బుజ్జగించి బుజ్జగించి గ్లాసు ఖాళీ చేయిచ్చిన.

శాంపిల్ పెడితే ఒకటి రెండు రోజులల్ల తేలుతదంట, 100 మిల్లీలీటర్లల్ల ఒక్క ఈ.కోలై, అంటే మలంల ఉండే బ్యాక్టీరియా, కూడ ఉండొద్దంట. అమెరికాల అయితే అది ఉన్నట్టు తేలిన 24 గంటలల్ల టీవీలనో రేడియోలనో ఇంటింటికి తిరిగో జనానికి చెప్పాల్నని రూలు. సరే, గంత దూరం ఎందుకు. ఇంటిపన్ను కట్టమని మైకు ఆటో మా సందుకు ఎన్నిసార్లు రాలే? ఆదివారం పొద్దుగాల కూడ నిద్ర లేపి మరీ చెప్పిపోతది. గదే మైకుల "అమ్మా, నీళ్ళు కాచుకోండ్రి" అని ఒక్క ముక్క అంటే ఏం పోతుండె? వెనకట ఊర్లల్ల డప్పు కొట్టి సాటింపేసేటోళ్ళు, పొలంకాడున్నోనికి కూడ ఇనబడేది. నువ్వేమో గేటు లోపల దాక్కున్నవ్. ఎవరు చదువుతరని అంటిచ్చిన్రు నిన్ను, సైకిలా?

పైపు మోరీల నుంచి పోతదని అందరికీ ఎరుకే. నల్లా బందైనంక పైపుల ప్రెషర్ పడిపోయి పగులు కాడ మోరీ నీళ్ళు లోపలికి గుంజుకుంటయ్, పైన నల్లాకు మోటర్లు పెట్టి గుంజేటోళ్ళొకరు. (మేం కూడ పెట్టినం లే, అబద్ధమెందుకు.)

అయినా నల్లగొండోళ్ళకు నీళ్ళ భయం కొత్తదా? మర్రిగూడ దిక్కు నీళ్ళల్ల ఫ్లోరైడ్‌తోని వంకర్లు పోయిన కాళ్ళు చూస్కుంట పెరిగినం. ఆ ఫ్లోరైడ్ కాస్తే పోయేది కాదు, కృష్ణా నీళ్ళొచ్చినంకనే జర ఊపిరి పీల్చుకున్నం. నీ బ్యాక్టీరియా అట్ల కాదు, నీళ్ళు తెర్లంగ ఒక్క నిమిషం ఆగితే చస్తది. ఒక్క నిమిషం పని! గది చెప్పనీకి వారం పట్టిందా నీకు?

నిన్ను పీకుకొచ్చి, అన్నం మెతుకులు పెట్టి కిరాణా షాపు షట్టర్‌కు అంటిచ్చిన. అంటిస్తుంటే నాకే నవ్వొచ్చింది, నీ తప్పేముంది, కాళ్ళు లేనిదానివి. పది మంది మూగిన్రు. ఒక పెద్దమ్మ అడిగింది, "బిడ్డా, ఇంక కాచాల్నా, బాగైనయా నీళ్ళు?"

నిన్ను మళ్ళొకసారి పైకెళ్ళి కిందికి చదివిన. అది నీ మీద ఏడ రాసిలేదు.

ఇట్లు,
ఇంకా కాచుకుంటనే ఉన్న ఒకామె